చూడలేకపోయినవాళ్ల పేజీ

టీవీ పుస్తకం గురించా? నీకెవరు చెప్పారు, మీ నాన్నా? వాడికేం తెలుసమ్మా, వాడికి ఊహ తెలిసేసరికే అది లావెక్కి, రంగుల అట్ట తొడుక్కుని దర్జాగా తయారైపోయింది. అంతకుముందు దాని వాలకం చూడాల్సింది. ఒక పెద్ద కాగితాన్ని మడతలు పెడితే ఎన్ని పేజీలొస్తాయో అన్నే పేజీలు. ముట్టుకుంటే వేళ్లకి సిరా. పైన అచ్చేసిన పేరు వేరే ఏదో ఉండేదిలే, ఆ పేరుతో అడిగినవాణ్ని నేనైతే చూడలేదు. కొట్టు దగ్గరికొచ్చి "టీవీ పుస్తకం వచ్చిందా" అనేవాళ్లు, అంతే. ఆ వారం మొత్తం టీవీలో ఏ రోజు ఏ వేళకి ఏమొస్తుందో అందులో ఉండేది. మొదలుపెట్టింది మా బావ. అంటే మా అక్క మొగుడు, మీ నాన్నకి మేనత్త మొగుడు. అక్క లేకపోతే అది ఏడాది కూడా నడిచేది కాదు, అది వేరే సంగతి. ఇద్దరూ పోయి చాలా కాలమైంది. కాస్త సర్దుకుని కూర్చోమ్మా, అలా అంచున కూర్చుంటే లేచిపోతావేమోనని నాకు మాట సాగదు.

బావ ఒక దినపత్రికలో ప్రూఫులు దిద్దేవాడు. అచ్చుకి వెళ్లేముందు తప్పులు పట్టుకోవడం, అదే ఉద్యోగం. ఆఫీసులో పట్టుకుని ఊరుకుంటే సరే, వీధిలో కూడా పట్టుకునేవాడు. కొట్టు బోర్డు మీద ఒక వత్తు పోయిందనుకో, లోపలికి వెళ్లి "అయ్యా, మీ 'సబ్బులు'లో ఒక వత్తు లేదు" అని చెప్పి వచ్చేవాడు. వాళ్లు నవ్వేవాళ్లు, ఈయన నవ్వేవాడు కాదు. ప్రెస్సులో అందరూ ఆయన్ని కామాగారు అనేవాళ్లు, ఎదురుగానే అనేవాళ్లు. ఆయనకి అదో బిరుదు. అక్కేమో టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసేది. పొద్దస్తమానం చెవులకి ఆ హెడ్‌ఫోను తగిలించుకుని "నంబరు చెప్పండి, నంబరు చెప్పండి" అని అలవాటైపోయి, ఇంట్లో మనం "అక్కా" అని పిలిచినా "చెప్పండి" అనేది. తమ్ముణ్ని పట్టుకుని చెప్పండి ఏమిటే అని మా అమ్మ కేకలేసేది. సరే, వాళ్ల వీధిలో మొదటి టీవీ వాళ్లింట్లోదే. అప్పట్లో ఒకటే స్టేషను, సాయంత్రం మొదలై భోజనాల వేళ దాటాక ఆగిపోయేది. వీధివాళ్లంతా కిటికీ దగ్గరికొచ్చి "ఈ రోజేముంది" అని అడగడం. దినపత్రికలో ఏ రోజుది ఆ రోజే వేసేవాళ్లు. కింద ఇంట్లో టైలరు ఉండేవాడు, ఆయనకి సినిమాల పిచ్చి. "శుక్రవారం ఏ సినిమానో ముందే తెలిస్తే ఆ రోజు పనులు ఒప్పుకోను కదండీ" అని ఆయన గొడవ. బావ ఊరుకోలేక స్టేషనుకి వెళ్లి, అక్కడి గుమాస్తాని బతిమాలి, వారం మొత్తానికి కాగితం తెచ్చాడు. దాన్ని కార్బను పెట్టి రాసి పంచేవాడు. వీధికి చాల్లేదు. పక్క వీధివాళ్లూ వచ్చారు. అక్క చూసి చూసి, "ఈ చేతిరాతతో మీ వేళ్లు వంకరపోతాయి, అచ్చేస్తే పోదా" అంది. అలా మొదలైంది, ఇంకేం లేదు.

ఆఫీసంటే సైకిల్ షాపు మీద రెండు గదులు. మెట్లు బయటినుంచి. కింద వాడు పంక్చర్లు వేసే రబ్బరు సొల్యూషను వాసన పొద్దున్నించీ పైకి వచ్చేది, మేమూ దాంతోనే పేజీలు అంటించేవాళ్లం, గమ్ము కన్నా బాగా పట్టేది. అంటించడం నా పని. కంపోజింగు అయి వచ్చిన కాగితాల్ని బ్లేడుతో కోసి, స్కేలు పెట్టి, గడుల్లో వరసగా అతికించాలి. కాస్త వంకరైతే బావ దూరం నుంచే కనిపెట్టేవాడు. "ఏమోయ్ బావమరిదీ, బుధవారం జారిపోతోంది, పట్టుకో" అనేవాడు. సినిమాల కింద రెండు ముక్కలు రాయడం అక్క పని. ఎక్స్ఛేంజీలో మానేసి వచ్చేసింది అప్పటికి. ఆవిడ రాసేవి ఎలా ఉండేవంటే, "మొదటి సగం బాగుంటుంది, తర్వాత వంట చేసుకోవచ్చు." ఇంకో సినిమాకి, "అన్నదమ్ములు విడిపోతారు, కలుస్తారు. వీళ్లు విడిపోయినప్పుడే బాగున్నారు." బావ ప్రూఫులో చూసి తల పట్టుకునేవాడు. "ఇలా రాయొచ్చా?" అంటే, "తప్పేమైనా ఉందా?" అనేది. "తప్పు లేదు." "మరింకేం." జనం ముందు అవి చదివి తర్వాత టైము చూసుకునేవాళ్లు.

అన్నట్టు బేకరీ ఆవిడ సంగతి చెప్పాలి, అది చెప్పకపోతే తర్వాతిది నీకు అర్థం కాదు. ఒక సీరియలు ఆఖరి భాగం. ఊరంతా దానికోసం కూర్చుంది. కంపోజింగులో ఏడు కాస్తా ఎనిమిదైంది, బావ కంటికి ఆనలేదు. అంత పెద్ద తప్పు ఆనకపోవడం ఆ ఒక్కసారే. మర్నాడు పొద్దున్నే మెట్ల మీద ధబధబ చప్పుడు. మూలమీది బేకరీ నడిపే ఆవిడ, చేతులకి పిండి అలాగే ఉంది, పుస్తకం చుట్టచుట్టి కర్రలా పట్టుకొచ్చింది. "ఎనిమిదికని పెట్టాను, అప్పటికి పేర్లు పడుతున్నాయి. ఏడాది నుంచి చూస్తున్నాను. ఆ అమ్మాయి తల్లిని కలిసిందా లేదా, ఇప్పుడు నాకెవరు చెప్తారు?" అక్క లేచి ఆవిడకి కుర్చీ వేసి, "నేను చెప్తాను, కూర్చోండి" అని మొదలుపెట్టింది. అమ్మాయి రైలు దిగడం దగ్గర్నుంచి, తల్లి తలుపు తీయడానికి ఎంతసేపు పట్టిందీ, తీశాక ఏమందీ, అన్నీ. గొంతులు కూడా మార్చి చెప్పింది. సైకిల్ షాపువాడు స్పానరు చేత్తో పట్టుకుని సగం మెట్ల మీద నిలబడిపోయాడు. వెనక ఇంకెవరెవరో వచ్చారు. అయిపోయాక బేకరీ ఆవిడ ముక్కు తుడుచుకుని, "చూస్తే ఇంత బాగుండేది కాదేమో" అంది, అని మళ్లీ బావ వైపు తిరిగి, "అలాగని మిమ్మల్ని క్షమించలేదు" అని దిగిపోయింది.

ఎక్కడున్నాం? ఆ, స్టేషనువాళ్లు. మన పుస్తకం బాగా నడుస్తోందని చూశారు. మనమే వేసుకుంటే పోలా అనుకున్నారు. నున్నటి కాగితం, నటీమణుల బొమ్మలు, వాళ్ల సొంత పత్రిక ఒకటి తెచ్చారు. బావ మామూలుగా కాగితం కోసం వెళ్తే గుమాస్తా పాపం తలెత్తలేదు. లోపలున్న ప్రోగ్రాముల ఆఫీసరు పిలిచి, "ఇకనుంచి ఏ రోజుది ఆ రోజే ఇస్తామండి, అదీ దినపత్రికలకే. వారానిది మాది" అన్నాడు. "మీదెలా అవుతుంది? రైలు ఎన్నింటికొస్తుందో రైలువాళ్ల సొత్తా?" అన్నాడు బావ. "కోర్టుకెళ్లి అడగండి" అన్నాడాయన. బావ నిజంగానే వెళ్లాడు. వద్దని అందరం చెప్పాం. ఓడిపోయాం. పట్టిక తయారు చేసింది వాళ్లు గనక అది వాళ్లదేనన్నారు జడ్జిగారు. పైకోర్టుకి వెళ్లాలి, అది తేలడానికి ఏళ్లు పడుతుంది, ఈలోపు వారం వారం పుస్తకంలో ఏం వెయ్యాలి? బల్ల మీద ఖాళీ గడులు పరిచి ఉన్నాయి. నేను వాటి చుట్టూ తిరుగుతున్నాను, బావ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు అక్క, "వచ్చే వారానిది వెయ్యొద్దన్నారు. పోయిన వారానిది వెయ్యొద్దన్నారా?" అంది. బావ తిరిగి చూసి, "నిన్నటి వాతావరణం ఎవడిక్కావాలి?" అన్నాడు. అక్క అంది కదా, "నేను ఎక్స్ఛేంజీలో సాయంత్రం డ్యూటీలు చేసినన్నాళ్లూ ఒక్క సీరియలు చూసి ఎరగను. మర్నాడు అందరూ మాట్లాడుకుంటుంటే వెర్రిమొహం వేసుకుని నిలబడేదాన్ని. నాలాంటివాళ్లు ఊళ్లో ఎంతమంది లేరూ?"

అదమ్మా, అలా వచ్చింది 'చూడలేకపోయినవాళ్ల పేజీ'. పేరు అక్కదే. బావ 'చూడలేకపోయినవారి' అని దిద్దాడు, అక్క మళ్లీ 'వాళ్ల' అని మార్చింది. పోయిన వారం సీరియళ్లలో జరిగిన కథంతా, బేకరీ ఆవిడకి చెప్పినట్టే, మాటలతో సహా. మొదట్లో కట్టలకి కట్టలు వెనక్కి వచ్చాయి. తర్వాత మెల్లిగా ఆసుపత్రి నర్సులు కొనడం మొదలుపెట్టారు. బస్సు కండక్టర్లు. మిల్లులో షిఫ్టులవాళ్లు. అసలు టీవీయే లేనివాళ్లు కొన్నారు, అది మేం అనుకోలేదు. ఒక కండక్టరు టికెట్లిచ్చే సంచిలో పెట్టుకుని, ఎర్రదీపం పడ్డప్పుడల్లా తీసి చదవడం నేనే చూశాను. ఒక పేజీ మూడు పేజీలైంది. మునిగిపోయే పడవ తేలింది. బావ మాత్రం పైకోర్టు మీదే ఆశ పెట్టుకున్నాడు. కేసు గెలవాలంటే మన పత్రికలో ప్రతి అక్షరం నిజమై ఉండాలనేవాడు, ఎందుకంటే మన వాదనే అది. ఉన్నది ఉన్నట్టు జనానికి చెప్పే హక్కు మాకుంది అని. వకీలు కూడా అదే చెప్పాడు, "ఒక్క తప్పు కూడా దొరక్కూడదు కామాగారూ" అని. ఆయనా కామాగారనే అనేవాడు.

ఇప్పుడు చెప్పేది మీ నాన్నకి కూడా సరిగ్గా తెలీదు. అక్కకి ఒక పాప ఉండేది. రెండో తరగతి చదివేది. బడి నుంచి నేరుగా ఆఫీసుకి వచ్చి, నేను పేజీలు అంటించే బల్ల కింద కూర్చునేది. చందాదారులకి వెళ్లే కాపీలకి స్టాంపులు తడిచేసి ఇవ్వడం దాని ఉద్యోగం. నాలిక చాపి పెట్టేది, బంక చేదని మొహం పెట్టేది, మళ్లీ ఇంకోటి ఇమ్మనేది. వానాకాలంలో జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నాం. అంతే... పోయింది. తర్వాత వారం పుస్తకం ఆగలేదు. అక్క వచ్చి కూర్చుంది, బావ వచ్చి కూర్చున్నాడు. స్టాంపులకి బల్ల మీదికి చిన్న గిన్నెలో తడి స్పాంజి వచ్చింది. ఎవరు తెచ్చిపెట్టారో నాకిప్పటికీ తెలీదు. ఇద్దరూ ఆ పాప ఊసెత్తేవాళ్లు కాదు. వాళ్ల మధ్య ఏం మాట్లాడుకునేవాళ్లో అనుకునేవాణ్ని, తర్వాత తెలిసింది, మాట్లాడుకునేవాళ్లే కాదని. కేసులు, పుస్తకం, కూరలు, ఇవే. ఏళ్లకేళ్లు అలాగే.

అలా ఉండగా ఒక సీరియలు వచ్చింది. డాక్టరు కుటుంబం కథ. డాక్టరు ఏటికి అవతల ఊళ్లో చిక్కుకుపోతాడు, వంతెన కొట్టుకుపోతుంది, ఇవతల ఇంట్లో ఆయన కూతురికి జ్వరం. ఆ వారం ఆ పిల్ల చచ్చిపోయింది. నేనూ మీ నాయనమ్మా చూశాం. మీ నాయనమ్మ మధ్యలోనే లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. నాకు మర్నాడు అక్క మొహం చూడాలంటే భయం. ఆవిడ మామూలుగానే వచ్చి, మామూలుగానే రాసి, కంపోజింగుకి పంపేసింది. అది వచ్చింది, నేను కోసి అంటిస్తూ చదువుతున్నాను. వంతెన పోవడం, తల్లి దీపం పట్టుకుని అటూ ఇటూ తిరగడం, అన్నీ ఉన్నాయి. చివరికొచ్చేసరికి, "తెల్లవారేసరికి జ్వరం దిగింది. పాప లేచి కూర్చుని మంచినీళ్లు అడిగింది" అని ఉంది. రెండుసార్లు చదివాను. కాగితం తీసుకుని పక్క గదిలోకి వెళ్లాను. "బావా, ఇది చూశావా, పాప బతికిందని వచ్చింది" అన్నాను. "ఏదీ" అని కళ్లజోడు పెట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లాడు. మొదట్నించీ చదివాడు. చాలాసేపు చదివాడు. నేను "ఆ ముక్క తీసేసి వేరే అంటించమంటావా" అన్నాను. ఆయన ఎర్ర పెన్సిలు తీసి, 'దిగింది' వెనకాల చుక్క ఉంటే దాన్ని కామా చేశాడు. అడుగున సంతకం పెట్టాడు. "పంపించు" అన్నాడు. కాగితం నా చేతికిచ్చాక కూడా అటే తిరిగి నిలబడ్డాడు.

ఇంకేముంది, గోల. చూసినవాళ్లంతా ఫోన్లు. అక్క తీసి "చెప్పండి" అనడం, అవతలివాళ్లు చెప్పడం, "అలాగా" అని పెట్టేయడం. చూడనివాళ్లు మాత్రం ఎంత సంతోషపడ్డారని. ఒక నర్సు పనిగట్టుకుని మెట్లెక్కి వచ్చి, "ఆ పిల్ల గట్టెక్కింది, మా వార్డంతా సంతోషించాం" అని చెప్పి వెళ్లింది. ఆవిడకి నిజం చెప్పడానికి మా ఎవరికీ నోరు రాలేదు. వకీలు పరిగెత్తుకొచ్చాడు. "ఏమిటండీ ఇది, చేజేతులా" అని. తర్వాత వారం బావ సవరణ వేశాడు. తప్పు పడినప్పుడల్లా సవరణ వెయ్యడం ఆయన పద్ధతి, ఎప్పుడు వేసినా చివర "విచారిస్తున్నాము" అని ఉండాలి. ఇందులో ఏముందంటే, "గత వారం డాక్టరుగారి పాప కోలుకున్నట్టు ప్రచురించాము. టీవీలో అలా లేదు. బాధ్యత సంపాదకునిది." అంతే. విచారిస్తున్నాము లేదు. అంటిస్తూ నేను అడిగాను, ఆఖరి మాట మర్చిపోయావేమో బావా అని. "లేదులే" అన్నాడు.

పైకోర్టులో సరిగ్గా అదే పట్టుకున్నారు. స్టేషను తరఫు వకీలు మా పుస్తకం పైకెత్తి పట్టుకుని, "చూడండి, ఇది పోయినవాళ్లని బతికించే పత్రిక, వీరు నిజం గురించి మాట్లాడుతున్నారు" అన్నాడు. కొందరు నవ్వారు. నేనూ అక్కా వెనక బెంచీలో కూర్చున్నాం. జడ్జిగారు బావని, "ఇది మీ సిబ్బంది పొరపాటా?" అని అడిగారు. అవునంటే అయిపోయేది. అలా అనమనే మా వకీలు ముందురోజు నూరిపోశాడు కూడా. బావ, "పొరపాటు కాదండి. ప్రూఫు నేనే చూశాను" అన్నాడు. "చూసే వేశారా?" "చూసే వేశాను." "ఎందుకని?" బావ, "చెప్పలేనండి" అన్నాడు. జడ్జిగారు ఆయన వంక కాసేపు చూసి, ఆ పుస్తకం పక్కన పెట్టేసి, "ఈ కేసు వేళల గురించి, కథల గురించి కాదు, అది వదిలేసి ముందుకెళ్లండి" అన్నారు.

గెలిచాం. వేళలు ఎవరి సొత్తూ కాదు, జనానివి అన్నారు. మళ్లీ గడులు నిండాయి. ఇంకో స్టేషను వచ్చింది, ఇంకోటి వచ్చింది, పుస్తకం లావెక్కింది, రెండు గదులు చాలక కింద సైకిల్ షాపు కూడా మేమే తీసుకున్నాం. అక్క పేజీ మాత్రం అలాగే ఉంచారు, నర్సులూ కండక్టర్లూ ఒప్పుకోలేదు తియ్యడానికి. బావ పోయాక అక్కే నడిపింది. తర్వాత తర్వాత మీట నొక్కితే తెర మీదే అంతా కనబడ్డం మొదలయ్యాక ఇక కొనేవాళ్లేరీ. అక్కకి ఏ బాధా లేదు. "టైలరుకి శుక్రవారం సినిమా ఏమిటో తెలియాలి, అంతేగా. ఇప్పుడు తెలుస్తోంది" అంది. ఆపేసింది. ఆ తర్వాత ఎంతో కాలం లేదులే.

కానీ అసలుది చెప్పలేదు నీకు. ఆ రోజు, కోర్టులో బావ అలా చెప్పిన రోజు. ముగ్గురం బస్సులో వస్తున్నాం. వాళ్లిద్దరూ ముందు సీట్లో, నేను వెనక. అక్క అప్పటిదాకా ఏమనుకుందంటే, బావ ఆ వారం హడావుడిలో చదవలేదు, గోలయ్యాక తనని కాపాడ్డానికి బాధ్యత నెత్తినేసుకున్నాడు అని. కోర్టులో విన్నాక తెలిసింది. చాలా దూరం వచ్చాక అంది, "ముందే చూశారా?" "చూశాను." "మరి?" "కామా ఒకటి పడాలి అక్కడ. పెట్టాను." అక్క కిటికీ వైపు తిరిగింది. ఏడుస్తోందేమో అనుకున్నాను, ఏడవలేదు. కాసేపటికి, "దానికి ఆ స్టాంపుల బంక చేదు" అంది. బావ, "చేదని ఇంకోటి అడిగేది" అన్నాడు. అంతే, ఇక మొదలైంది. బడిలో మొదటి రోజు గురించి అక్క చెప్తే, "సోమవారం కాదు, బుధవారం" అని బావ దిద్దడం. గౌను నీలంది అంటే, "నీలం కాదు, గళ్లది" అనడం. "మీకేం తెలుసు, కుట్టింది నేను" అని ఆవిడ. ఇన్నేళ్లలో ఆ పాప పేరు వాళ్ల నోట వినడం అదే మొదలు. అక్క నవ్వింది కూడా ఒకచోట. మేం దిగాల్సిన చోటు వచ్చింది. నేను లేవలేదు. వాళ్లు చూసుకోలేదు. బస్సు వెళ్లిపోయింది. తర్వాత స్టాపూ వెళ్లిపోయింది. డిపోలోకి పోయి బస్సు ఆగింది, ఇంజను కట్టేశాడు, జనమంతా దిగిపోయారు, కండక్టరు వచ్చి మా దగ్గర నిలబడ్డాడు, నేను చెయ్యి ఊపాను, ఉండనీమని. ఆయన ఏమనుకున్నాడో, వెళ్లి ముందు మెట్టు మీద కూర్చున్నాడు...

ఏమిటి, నా కళ్లా? ఆ, లేదులే. కిటికీ వేసేయమ్మా, జల్లు లోపలికి కొడుతోంది. మీ నాయనమ్మకి మందులిచ్చే వేళ కూడా అయినట్టుంది.